మూడు స్వరాలకు హక్కుదారు

1926 నవంబరులో అమెరికాలో ఎన్‌బీసీ అనే రేడియో సంస్థ ప్రసారాలు మొదలుపెట్టింది. ఒక ఊళ్ళో పాడిన పాట టెలిఫోను తీగల మీద ఊరూరి స్టేషన్లకు చేరి, అక్కడి నుంచి జనం చెవుల్లో పడేది. వినేవాళ్ళకు అదొక అద్భుతం. నడిపేవాళ్ళకు మాత్రం అరగంటకోసారి గండం. కార్యక్రమం అయిపోగానే ప్రతి స్టేషనూ తన పేరు చెప్పుకోవాలి, తర్వాతి కార్యక్రమానికి తీగలు మార్చుకోవాలి. సరిగ్గా ఏ క్షణాన మార్చాలో ఎక్కడో వందల మైళ్ళ అవతల కూర్చున్న ఇంజనీరుకు తెలిసేదెలా?

మొదట్లో అనౌన్సరే స్టేషన్ల పేర్లన్నీ వరసగా చదివేవాడు. స్టేషన్లు పెరిగేకొద్దీ ఆ చదువుడుకు అంతూపొంతూ లేకుండా పోయింది. మాటలతో కాదు, గంట కొడదాం అనుకున్నారు. ఈ ఆలోచన వెనుక ఆస్కార్ హాన్సన్, ఎర్నెస్ట్ లాప్రేడ్, ఫిలిప్స్ కార్లిన్ అనే ముగ్గురి పేర్లు చెబుతారు. భోజనానికి పిలవడానికి వాడే చిన్న లోహపు పలకల వాద్యం ఒకటి తెచ్చి, దాని మీద ఏడు స్వరాల వరుస కట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ అనౌన్సర్లు సంగీత విద్వాంసులు కారు కదా! వరుస తప్పేది, చెయ్యి తడబడేది. ఏడును ఐదు చేశారు. అదీ కుదరలేదు. చివరికి మూడే మిగిలాయి: మన లెక్కలో చెప్పాలంటే మంద్ర పంచమం, గాంధారం, షడ్జమం. 1929 నవంబరు 29న ఆ మూడు స్వరాలు తొలిసారి గాలిలోకి వెళ్ళాయి.

అక్కడితో కథ అయిపోలేదు. చేత్తో కొడితే ఒకరిది తొందర, ఒకరిది నిదానం. 1932లో రిచర్డ్ రేంజర్ అనే ఇంజనీరు ఆ మూడు స్వరాలనూ తనంతట తానే పలికే యంత్రం తయారుచేశాడు. అప్పటి నుంచి ఎవరు డ్యూటీలో ఉన్నా అదే లయ, అదే శ్రుతి. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఈ పట్టుదలే. స్వరాలు దొరికిన రోజుకన్నా, వాటిని ఏళ్ళ తరబడి మారకుండా నిలబెట్టిన శ్రమ గొప్పది. ఇంజనీర్ల కోసం పుట్టిన సైగ శ్రోతల చెవుల్లో గూడు కట్టుకుంది. ఆ మూడూ వినబడితే చాలు, ఇది ఎన్‌బీసీ అని జనం పోల్చుకునేవారు. ఎవరూ ముందుగా అనుకున్నది కాదది.

1946లో అమెరికాలో కొత్త ట్రేడ్‌మార్కు చట్టం వచ్చింది. సరుకుల మీది గుర్తులకే కాక, సేవల గుర్తులకూ అందులో చోటు దొరికింది. 1947 నవంబరులో ఎన్‌బీసీ దరఖాస్తు పెట్టింది. బొమ్మ లేదు, అక్షరం లేదు, ఉన్నదల్లా చెవికి వినబడే మూడు స్వరాలు. 1950 ఏప్రిల్ 4న రిజిస్ట్రేషన్ వచ్చింది. కేవలం ధ్వనితో కూడిన సేవా గుర్తు ఆ దేశంలో నమోదవడం అదే మొదలు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఆ మూడు స్వరాలూ ఎవరి సొత్తూ కావు. సరళీ వరుసలు నేర్చుకునే పిల్ల గొంతులోనూ అవే పలుకుతాయి. అయినా రేడియోలో ఆ వరుస ఒక సంస్థదైంది. మరైతే ఏ మామూలు ధ్వనినైనా ఇలాగే పట్టుకోవచ్చా? 1978లో జనరల్ ఎలక్ట్రిక్ బ్రాడ్‌కాస్టింగ్ సంస్థ కేసులో దీనికి జవాబు దొరికింది. ఆ సంస్థ తన రేడియో ప్రసారాలకు గుర్తుగా ఓడ గడియారపు గంటల మోతను నమోదు చేయమని అడిగింది. ట్రేడ్‌మార్కు బోర్డు కాదంది. సాటిలేని ధ్వని అయితే సరే, నలుగురికీ తెలిసిన మామూలు ధ్వని అయితే శ్రోతలు దాన్ని ఒక్క సంస్థతోనే ముడిపెట్టుకున్నారని రుజువు కావాలంది. ఆ రుజువు లేకపోయింది.

రేడియో నినాదాలకూ ఇదే జల్లెడ. పాటలు ఎక్కువ, మాటలు తక్కువ అని ఏ స్టేషనైనా చెప్పుకుంటుంది. అది సరుకు వర్ణన, ఒకరి గుర్తు కాదు.

మన దేశంలో చాలాకాలం ఈ తగవు రాలేదు, రావడానికి పోటీ ఉంటేగా! ఆకాశవాణి ఒక్కటే ఇంటిది, రేడియో సిలోన్ తెలుగు పాటలు పొరుగింటివి. తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం 2001 జులైలో బెంగళూరులో మొదలయ్యేనాటికి మన చట్టంలో సేవల గుర్తులకు రిజిస్ట్రేషనే లేదు. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చాకే ఆ దారి తెరుచుకుంది. 2008లో ఇంటర్నెట్ సంస్థ యాహూ కూత మన రిజిస్టరులో తొలి ధ్వని గుర్తయింది. 2017 నియమాలు వచ్చాక పద్ధతి ఇంకా తేటపడింది: 30 సెకన్లకు మించని ఎంపీ3, దానితోపాటు స్వరలిపి ఇస్తే చాలు.

ఈ కథ కర్నూలు పడమటి సీమ దాకా వచ్చేసింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానళ్ళ వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఆదోని ఉంది. పత్తి మార్కెట్టుకు వచ్చే రైతు, జిన్నింగు మిల్లు కార్మికుడు తమ ఊరి గొంతు వినే రోజు రావచ్చు. అప్పుడు ప్రతి స్టేషనూ ‘మన ఊరు, మన పాట’ అనే అంటుంది. ఆ మాట ఏ ఒక్కరిదీ కాదు, కాకూడదు కూడా. తనదైన పేరు మాటతో రాదు, ఏళ్ళ పనితో వస్తుంది. పక్కనే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ నేతకు పేరు రావడానికి మగ్గాలు ఎన్ని ఏళ్ళు ఆడాయో అక్కడివారికి చెప్పక్కర్లేదు.

అందుకే రేపు ఆదోనిలో స్టేషను పెట్టబోయేవారికి నా మనవి. నలుగురి నోట్లో ఉన్న మాటను నలుగురికే వదిలేయండి. ఇక్కడి తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసిన పలుకులోంచి మీదైన మాటో స్వరమో కట్టుకోండి. ఖాయం చేసేముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఒకసారి వెతకండి, అందుకు రుసుమేమీ లేదు. ఆ తర్వాత దాన్ని మార్చకుండా వినిపిస్తూ ఉండండి.