దయ్యాల కథలకూ ఓ తిథి ఉంది

సూరత్‌లో దీపావళి ముందు రాత్రిని కాళీ చౌదస్ అంటారు. ఆ పొద్దు ఆడవాళ్లు వడలు వండి, నాలుగు దారులు కలిసే చోట పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి వస్తారు. ఇంట్లోని కీడూ కలహమూ అక్కడితో వదిలిపోతాయని నమ్మకం. భూతప్రేతాలు తిరిగే రాత్రి కూడా అదేనంటారు. మనకది నరక చతుర్దశి. తెల్లవారుజామున తలంటు పోసుకుని నరకుడు చచ్చాడని సంబరపడతాం. ఇక్కడ స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల పిల్లలకు ఒకే తిథిలోని ఆ చీకటీ, ఈ వెలుగూ రెండూ తెలుసు.

ఇంగ్లండ్‌లో దయ్యాల కథలకు పేరుపడ్డ రాత్రి క్రిస్మస్ ముందురోజు. నిజానికి వాటికి ఏసు పుట్టుకతో సంబంధం లేదు, చలికాలంతోనే ఉంది. డిసెంబర్ చివర లండన్‌లో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. మంట చుట్టూ చేరిన జనానికి కథలే కాలక్షేపం. 1611లో ప్రదర్శించిన షేక్‌స్పియర్ నాటకం ‘ది వింటర్స్ టేల్’లో ఓ చిన్న రాకుమారుడు తల్లికి చెప్పబోయేది అలాంటి కథే.

నోటిమాటగా ఉన్న ఈ అలవాటును అచ్చులోకి తెచ్చి ఊరూరా పాకించినవాడు చార్లెస్ డికెన్స్. 1843 డిసెంబర్ 19న వచ్చిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ తొలి ముద్రణ 6,000 ప్రతులు పండగలోపే చెల్లిపోయాయి. ఆపైన తన పత్రికలకు ఏటా క్రిస్మస్ ప్రత్యేక సంచికలు తెచ్చాడు. ‘ది సిగ్నల్‌మ్యాన్’ 1866 సంచికలోది. ఆ ఒరవడి మన దేశానికీ వచ్చింది. కిప్లింగ్ రాసిన ‘ది ఫాంటమ్ రిక్షా’ 1885లో లాహోర్‌లో వెలువడిన ‘క్వార్టెట్’ అనే క్రిస్మస్ సంచికలో తొలిసారి అచ్చయింది. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో ఎం.ఆర్. జేమ్స్ క్రిస్మస్ వేళ కొవ్వొత్తి వెలుగులో మిత్రులకు తన కథలు చదివి వినిపించేవాడు. 1971 నుంచి బీబీసీ ఆ కథలను టీవీకెక్కించింది.

మరి సూరత్‌లో? చలికాలంలోనూ ఇక్కడ పగలు పదిన్నర గంటలకు తగ్గదు. అందుకే అక్కడ సూర్యుణ్ణి బట్టి కుదిరిన ముహూర్తం ఇక్కడ చంద్రుణ్ణి బట్టి కుదిరిందని నాకు తోస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. 11వ శతాబ్దంలో కశ్మీర పండితుడు సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో బేతాళ కథలు చేర్చాడు. అందులో భిక్షువు రాజును శ్మశానానికి రమ్మన్నది కృష్ణ చతుర్దశి రాత్రికే. 18వ శతాబ్దంలో శామళ్ భట్ ఆ కథలను గుజరాతీలో పద్యాలుగా చెప్పాడు. మనకు ‘చందమామ’ నెలనెలా అందించింది.

నేటి సూరత్‌లో దయ్యాల కథ అనగానే డుమాస్ పేరెత్తుతారు. ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని నల్ల ఇసుక తీరమది. ఒకప్పుడు అక్కడ శవదహనాలు జరిగేవని, రాత్రిపూట గుసగుసలు వినిపిస్తాయని చెబుతారు. ఇనుము పాలున్న ఖనిజాల వల్లే ఇసుక నల్లబడిందంటారు తెలిసినవాళ్లు. అది తెలిశాక కూడా కథ వినాలనే ఉంటుంది. భయాన్ని నలుగురిలో కూర్చుని పంచుకుంటే అది ధైర్యంగా మారుతుంది. అందుకే ఈ చౌదస్‌కు సూరత్ తెలుగు ఇళ్లలో పిల్లలకు మొదటి బేతాళ కథ చెప్పాలని నా కోరిక. దానికి అంతకన్నా తగిన రాత్రి లేదు.