అద్దంకి శాసనం – అక్షర విభజన

పొదిలికి ఈశాన్యంగా ఉన్న అద్దంకిలో క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం లభించింది. ఆనాటి శాసనాల్లో పదాల మధ్య ఖాళీలు ఉండవు. అందువల్ల చూపుకు అది వచనంలాగే ఉంటుంది. అక్షరాలను గురులఘువులుగా విడదీసి గణాలు కట్టినప్పుడే అది తరువోజ పద్యమని తేలుతుంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మళ్లీ అదే వరస.

ఇక్కడ సమాసాన్ని గుర్తించడం ముఖ్యం. 'దేశప్రజలు' అనే సమాసంలో 'ప్ర'కు ముందున్న 'శ' ఊనికతో గురువవుతుంది. 'అక్కడ ప్రజలు ఉన్నారు' అన్నప్పుడు 'డ' లఘువే. ఇది పొరపడితే గణం తప్పుతుంది.

ఈ లెక్క ఆధారంగానే నన్నయకు దాదాపు రెండు శతాబ్దాల ముందే తెలుగు పద్యం ఉందని చెప్పగలుగుతున్నాం. కాబట్టి ఛందస్సు చరిత్రకు కూడా ఆధారమని విద్యార్థులు గ్రహించాలి.