మేనరికం – సంతాన ఆరోగ్యం

మేనరికం అంటే మేనమామ లేదా మేనత్త బిడ్డతో జరిగే వివాహం. అక్క కూతురిని మేనమామ చేసుకోవడాన్నీ వాడుకలో ఇలాగే అంటారు. నెల్లూరు తీరంతో సహా దక్షిణాదిన ఇది పాత ఆచారం. బౌధాయన ధర్మసూత్రం దీన్ని దక్షిణదేశపు ఆచారంగా పేర్కొంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపునిచ్చింది. ఆంధ్రప్రదేశ్ మేనరికాలపై కృష్ణ ద్రోణంరాజు, పి. మీరాఖాన్ 1963లో జన్యు అధ్యయనం ప్రచురించారు.

ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన అంతర్గత (ఒక్కరి నుంచే అందితే వ్యాధిగా బయటపడని) జన్యులోపం తల్లిదండ్రులిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. ఒకే పూర్వీకుల జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు అందే అవకాశాన్ని తెలిపే అంతఃప్రజనన గుణకం మేనత్త, మేనమామ బిడ్డల సంతానానికి 1/16, మేనమామ–మేనకోడళ్ల సంతానానికి 1/8. తరతరాలుగా మేనరికాలు సాగిన ఇళ్లలో ఇంకా ఎక్కువ. పుట్టుచెవుడు, రెటినైటిస్ పిగ్మెంటోసాలలో కొన్ని రకాలు, తలసీమియా, ఫినైల్‌కీటోన్యూరియా ఇలా అంతర్గత జన్యులోపంతో వచ్చేవే. మామూలుగా 2–3 శాతం ఉండే తీవ్ర జన్మలోపాల ముప్పు మేనరికపు సంతానంలో సుమారు రెట్టింపవుతుంది. ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. ముప్పు చాలా కుటుంబాల కంటపడకపోవడానికి కారణం ఇదే. తలసీమియా వాహకులను (జన్యులోపం ఉన్నా వ్యాధి లేనివారిని) పెళ్లికి ముందే రక్తపరీక్షతో గుర్తించవచ్చు. పుట్టుచెవుడును తొలి నెలలోనే వినికిడి పరీక్షతో పసిగట్టవచ్చు.