మిశ్రమ యుద్ధకళల పోటీల్లో వివాదాస్పద తీర్పులు

మిశ్రమ యుద్ధకళల పోటీ, అంటే ఎంఎంఏ, సాధారణంగా మూడు రకాలుగా ముగుస్తుంది. ఒకరు నాకౌట్ అవుతారు, లేదా దెబ్బలు కాచుకోలేని స్థితి చూసి రెఫరీ ఆపేస్తాడు. పట్టులో చిక్కినవారు చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటారు. ఈ రెండూ జరగకుండా గడువు తీరిపోతే, కేజ్ చుట్టూ వేర్వేరు వైపుల కూర్చున్న ముగ్గురు జడ్జిలు విజేతను తేలుస్తారు. ఈ క్రీడలో ఏళ్ల తరబడి సాగే తగువుల్లో ఎక్కువ భాగం ఈ మూడోదాని చుట్టూ తిరిగేవే.

హోరాహోరీ పోటీలో అభిప్రాయాలు చీలడం ఒక సంగతి. అందరి కళ్లెదుటా జరిగినదానికి పొంతన లేని స్కోరు రావడం మరో సంగతి. అభిమానులు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి తిట్టిపోస్తుంటారు. దానివల్ల నిజాయతీగా స్కోరు వేసిన జడ్జికీ అన్యాయమే, నిజంగా నష్టపోయిన ఫైటర్‌కీ అన్యాయమే. మొదటి రకం వివాదానికి మూలం చాలావరకు లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది. రెండో రకం కొనసాగడానికి కారణం వేరు: వేసిన స్కోరుకు జడ్జి ఎవరికీ బహిరంగంగా సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

జడ్జిలు లేని రోజులు

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీ మొదటి పోటీలకు జడ్జిలే లేరు. ఎవరో ఒకరు లొంగిపోవాలి, లేదా పడిపోవాలి. ఈ ఏర్పాటు ఎంతోకాలం నిలవలేదు. 1995 ఏప్రిల్‌లో యూఎఫ్‌సీ 5లో హోయ్స్ గ్రేసీ, కెన్ షామ్‌రాక్ 36 నిమిషాలు తలపడ్డారు. షామ్‌రాక్ చాలాసేపు పైన ఉన్నాడు, చివర్లో గ్రేసీ కన్ను వాచేలా గుద్దాడు. అయినా తేల్చేవారు లేక పోటీ డ్రా అయింది. ఆ తర్వాతే జడ్జిలు వచ్చారు, వారితోపాటే వివాదాలూ వచ్చాయి.

1999 మే 7న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన యూఎఫ్‌సీ 20 ఈ చరిత్రలో ఒక మలుపు. ఖాళీగా ఉన్న హెవీవెయిట్ టైటిల్ కోసం నెదర్లాండ్స్‌కు చెందిన బాస్ రూటెన్, అమెరికా రెజ్లర్ కెవిన్ రాండిల్‌మన్ పోరాడారు. అప్పటికింకా రౌండ్లు లేవు. 15 నిమిషాల పోరు, దానిపై అదనపు సమయం. రాండిల్‌మన్ పదేపదే రూటెన్‌ను కింద పడేశాడు, మొదట్లోనే ముక్కు పగలగొట్టాడు. సమయం గడిచేకొద్దీ అతడి జోరు తగ్గింది. రూటెన్ వెల్లకిలా పడుకునే దెబ్బలు వేస్తూ పోయాడు. ఇద్దరు జడ్జిలు ఒకవైపు, ఒకరు మరోవైపు నిలిచిన చీలిన తీర్పులో టైటిల్ రూటెన్‌కు దక్కింది. మొత్తం పోరును ఒకే ముద్దగా చూసి తీర్పివ్వడం ఎంత కష్టమో ఆ రాత్రి బయటపడింది. అదే ఏడాది జులైలో యూఎఫ్‌సీ 21 నుంచి ఐదు నిమిషాల రౌండ్లు, బాక్సింగ్ నుంచి తెచ్చుకున్న పది పాయింట్ల పద్ధతి అమల్లోకి వచ్చాయి. పైన ఉన్నవాడికి ఎంత విలువ ఇవ్వాలి, కింద నుంచి కొట్టినవాడికి ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్న మాత్రం రౌండ్లు వచ్చినా తెగలేదు.

పది పాయింట్ల లెక్క

రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9. భారీ తేడాతో ఓడితే 8. మామూలు పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోరుకు ఐదు. బాక్సింగ్‌లో పన్నెండు రౌండ్ల పోరుంటే ఒక రౌండులో జరిగిన పొరపాటు మిగతావాటిలో సర్దుకునే వీలుంది. మూడే రౌండ్లున్న చోట ఒక్క తప్పు చాలు, గెలిచినవాడు ఓడిపోతాడు. పైగా వెంట్రుకవాసి తేడాతో గెలిచిన రౌండుకూ, ప్రత్యర్థిని ఐదు నిమిషాలూ ఇబ్బంది పెట్టి గెలిచిన రౌండుకూ చాలాసార్లు అదే 10-9 పడుతుంది. ఎంఎంఏ తీర్పుల చిక్కంతా దాదాపు ఇక్కడే ఉంది.

2016లో, ఈ పోటీలను పర్యవేక్షించే అమెరికా అథ్లెటిక్ కమిషన్ల సంఘం జడ్జిల ప్రమాణాలను సవరించింది. 2017 జనవరి నుంచి అమలైన ఆ నిబంధనల ప్రకారం మొదట చూడాల్సింది దెబ్బలు, పట్లు ఎంత ఫలించాయన్నదే. అందులో ఇద్దరూ పూర్తిగా సమానమైతేనే దూకుడు, అదీ సమానమైతేనే కేజ్‌పై అదుపు లెక్కలోకి వస్తాయి. కింద పడేసి ఊరికే పైన కూర్చుంటే సరిపోదు, దాన్నుంచి దాడి పుట్టాలి. పేరుకుపోయే చిన్న దెబ్బలకన్నా అప్పటికప్పుడు ప్రభావం చూపిన దెబ్బకు బరువెక్కువ.

సెయింట్ పియెర్, హెండ్రిక్స్

ఈ పద్ధతి లోపం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించిన పోరు 2013 నవంబరు 16న లాస్ వేగాస్‌లో జరిగింది. యూఎఫ్‌సీ 167లో వెల్టర్‌వెయిట్ చాంపియన్, కెనడాకు చెందిన జార్జ్ సెయింట్ పియెర్ తన టైటిల్‌ను జానీ హెండ్రిక్స్ మీద కాపాడుకోవాలి. ఐదు రౌండ్లు ముగిసేసరికి చాంపియన్ ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది. హెండ్రిక్స్ ముఖంపై పోరాడిన ఆనవాళ్లు పెద్దగా లేవు. ఇద్దరు జడ్జిలు 48-47తో సెయింట్ పియెర్‌కు, ఒకరు అదే తేడాతో హెండ్రిక్స్‌కు ఇచ్చారు.

హాలు హోరెత్తింది. యూఎఫ్‌సీ అధ్యక్షుడు డానా వైట్ అక్కడికక్కడే నెవాడా రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్‌పై విరుచుకుపడ్డాడు, గవర్నర్ జోక్యం చేసుకోవాలన్నాడు. స్కోర్ కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ముగ్గురు జడ్జిలూ నాలుగు రౌండ్ల విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. రెండు, నాలుగు హెండ్రిక్స్‌వి. మూడు, ఐదు సెయింట్ పియెర్‌వి. చీలింది మొదటి రౌండు దగ్గరే. అది ఎవరికిచ్చినా సమర్థించుకోగలిగినంత దగ్గరి రౌండు. ఐదు రౌండ్లనూ ఒకే పోరుగా చూస్తే మాత్రం ఎక్కువ దెబ్బతీసింది హెండ్రిక్సే. జడ్జిలు నిబంధన తప్పలేదు. నిబంధన అడిగిన ప్రశ్న వేరు, చూసేవారి మనసులోని ప్రశ్న వేరు. ఆ రాత్రి జడ్జిలను తప్పుపట్టడం తేలికే, కానీ తప్పు వారిది కాదు.

సెయింట్ పియెర్ మరుసటి నెలలోనే టైటిల్ వదులుకుని విరామం తీసుకున్నాడు. హెండ్రిక్స్ 2014 మార్చిలో రాబీ లాలర్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. సెయింట్ పియెర్‌తో మళ్లీ తలపడే అవకాశం మాత్రం అతడికి రాలేదు.

తొడల మీద పడిన దెబ్బలు

2009 అక్టోబరు 24న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన యూఎఫ్‌సీ 104 కథ వేరు. అప్పటికి ఓటమి ఎరుగని లయోటో మచిడాకు తోటి బ్రెజిల్ ఫైటర్ మారిసియో షోగన్ హువా ఎదురుపడ్డాడు. రౌండు తర్వాత రౌండు హువా మచిడా తొడల మీద, పక్కటెముకల మీద కాలితో కొట్టాడు. ముగ్గురు జడ్జిలూ 48-47తో మచిడానే గెలిపించారు. లెగ్ కిక్‌లు పోరును ముగించవన్న అర్థంలో ఒక జడ్జి మాట్లాడినట్లు తర్వాత వార్తలొచ్చాయి. కాలు చచ్చుబడిన ఫైటర్ కదలలేడు, కదలలేనివాడు కొట్టలేడు. ఈ సంగతి జిమ్‌లో శిక్షణ పొందిన ఎవరికైనా తెలుసు. బాక్సింగ్ నుంచి వచ్చిన జడ్జిలకు కింది భాగంపై దాడినీ, నేల మీది పట్టులనూ చదివే అలవాటు తక్కువన్న విమర్శ ఆ కాలంలో గట్టిగా వినిపించింది. అందులో నిజముంది. 2010 మేలో మాంట్రియల్‌లో జరిగిన రెండో పోరులో జడ్జిల అవసరం రాలేదు. హువా మొదటి రౌండులోనే మచిడాను నాకౌట్ చేశాడు.

సమర్థించలేని స్కోర్లు

2014 జూన్ 7న న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో స్థానిక ఫైటర్ డియెగో సాంచెజ్, ఇంగ్లండ్‌కు చెందిన రాస్ పియర్సన్ తలపడ్డారు. సాంచెజ్ గాలిని కొడుతుంటే పియర్సన్ దెబ్బలు తగులుతూ వచ్చాయి. తీర్పు సాంచెజ్‌కు వెళ్లింది. ఒక జడ్జి 29-28తో పియర్సన్‌ను, ఒకరు అదే తేడాతో సాంచెజ్‌ను గెలిపించారు. మూడో జడ్జి 30-27 రాశాడు, అంటే మూడు రౌండ్లూ సాంచెజ్‌వే. సొంత ఊరి జనం కేకలకూ స్కోరుకూ సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేరు. కానీ ఆ 30-27కు మరో వివరణ ఆ మూడు రౌండ్లలో దొరకదు. పద్ధతిలోని లోపం చూపి దీన్ని వదిలేయలేం.

2022 డిసెంబరులో మరో తరహా ప్రశ్న తలెత్తింది. డిసెంబరు 9న కనెటికట్ రాష్ట్రంలో జరిగిన మరో సంస్థ పోటీ బెలటార్ 289లో రాఫియాన్ స్టాట్స్‌ను ఇద్దరు జడ్జిలు గెలిపించగా, మూడో జడ్జి అతడి ప్రత్యర్థి డానీ సబటెల్లోకు 50-45 వేశాడు. ఆ జడ్జే మర్నాడు దేశానికి రెండో చివరన ఉన్న లాస్ వేగాస్‌లో యూఎఫ్‌సీ 282కు కూర్చున్నాడు. అక్కడ పాడీ పింబ్లెట్, జారెడ్ గోర్డన్ పోరును మిగతా ఇద్దరితోపాటు 29-28తో పింబ్లెట్‌కు ఇచ్చాడు. అదీ ఆ ఏడాది ఎక్కువ విమర్శలు అందుకున్న తీర్పుల్లో ఒకటైంది. అమెరికాలో జడ్జిలను నియమించేది యూఎఫ్‌సీ కాదు, ఆయా రాష్ట్రాల అథ్లెటిక్ కమిషన్లు. ఒక రాష్ట్రంలో వేసిన స్కోరుకు మరో రాష్ట్రం సంజాయిషీ అడగదు.

8 పాయింట్ల వాడకం

భారీ తేడా ఉన్న రౌండుకు 10-8 ఇవ్వమని సవరించిన నిబంధనలు ప్రోత్సహించాయి. లెక్కలోని బిగుతు కొంత సడలడానికి అది మంచి దారే. ఎప్పుడివ్వాలన్నది మాత్రం జడ్జికో తీరుగా ఉంది. 2023 సెప్టెంబరు 16న లాస్ వేగాస్‌లో మహిళల ఫ్లైవెయిట్ చాంపియన్ అలెక్సా గ్రాసో, వాలెంటీనా షెవ్‌చెంకో పోరు చివరి రౌండుకు వచ్చేసరికి షెవ్‌చెంకో ముందంజలో ఉందని చాలామంది భావించారు. ఆ రౌండు ఆఖర్లో గ్రాసో ఆమె వీపు మీదికెక్కి దెబ్బలు వేసింది. ఇద్దరు జడ్జిలు దాన్ని 10-9గా రాస్తే, మూడో జడ్జి 10-8 రాశాడు. ఫలితం 48-47, 47-48, 47-47. పోరు డ్రా అయింది, బెల్టు గ్రాసో దగ్గరే ఉండిపోయింది. ఏడాది తర్వాత వారు మళ్లీ తలపడినప్పుడు ముగ్గురు జడ్జిలూ 50-45తో షెవ్‌చెంకోను గెలిపించారు.

కూడికలో తప్పు జరిగిన సందర్భమూ ఉంది. 2012 మార్చిలో సిడ్నీలో ఫ్లైవెయిట్ టైటిల్ టోర్నీ పోరులో డెమెట్రియస్ జాన్సన్ చేతిలో ఇయాన్ మెకాల్ ఓడినట్లు ప్రకటించారు. తర్వాత చూస్తే స్కోర్ల ప్రకారం అది డ్రా. ఆ టోర్నీ నిబంధన ప్రకారం డ్రా అయితే అక్కడే నాలుగో రౌండు ఆడించాలి. అప్పటికే ఫైటర్లు కేజ్ దిగిపోయారు. మూడు నెలల తర్వాత రెండో పోరులో జాన్సన్ గెలిచాడు, ఆ సెప్టెంబరులో యూఎఫ్‌సీ మొదటి ఫ్లైవెయిట్ చాంపియన్ అయ్యాడు.

భారత అభిమానులకు బాగా గుర్తున్న చీలిన తీర్పు 2024 జూన్ 8న కెంటకీలోని లూయివిల్‌లో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన పూజా తోమర్ బ్రెజిల్ ఫైటర్ రయానె దోస్ సాంటోస్‌పై గెలిచి, యూఎఫ్‌సీలో విజయం సాధించిన తొలి భారతీయ మహిళా ఫైటర్‌గా నిలిచింది. ఒక జడ్జి మూడు రౌండ్లూ పూజకిచ్చాడు, మరొకరు మూడూ ప్రత్యర్థికిచ్చారు, ఇంకొకరు 29-28తో పూజను గెలిపించారు. ఆ విజయాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఒకే పోరును ముగ్గురు ఎంత దూరంగా చూడగలరో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ప్రత్యామ్నాయాలు, పరిహారం

1997 నుంచి 2007 వరకు నడిచిన జపాన్ సంస్థ ప్రైడ్ రౌండ్లవారీ పాయింట్లు వేయలేదు. మొత్తం పోరును చూసి, ముగించడానికి ఎవరెక్కువ ప్రయత్నించారన్నదాన్ని మొదటి ప్రమాణంగా పెట్టుకుంది. 2020 మార్చిలో కాన్సస్‌లో జరిగిన ఇన్విక్టా సంస్థ పోటీల్లో ప్రతి రౌండు తర్వాత స్కోర్లు ఫైటర్ల బృందాలకు తెలియజేశారు. ముందున్నవారు చివరి రౌండులో తప్పించుకు తిరుగుతారన్నది ఆ పద్ధతిపై ప్రధాన అభ్యంతరం. వెనకబడ్డానని తెలియకుండా ఓడిపోవడంకన్నా అది చాలా చిన్న నష్టం.

తీర్పును తిరగరాయించడం దాదాపు అసాధ్యం. కుమ్మక్కు, కూడికలో తప్పు, నిబంధనను రెఫరీ తప్పుగా అన్వయించడం వంటి కారణాలుంటేనే నెవాడా కమిషన్ ఫలితం మారుస్తుంది. జడ్జి చూపు తప్పిందన్నది కారణం కాదు. నష్టం మాత్రం గట్టిదే. యూఎఫ్‌సీలో చాలా ఒప్పందాల్లో పోటీపడినందుకు ఒక మొత్తం, గెలిస్తే మరో మొత్తం ఉంటాయి. ఒక్క జడ్జి కలంతో ఆ రెండో మొత్తం పోతుంది, ర్యాంకు పోతుంది, టైటిల్ అవకాశం వెనక్కి జరుగుతుంది.

మిగిలే దారి మళ్లీ పోరాడటమే. 2010 ఏప్రిల్‌లో లియోనార్డ్ గార్సియా చేతిలో చీలిన తీర్పుతో ఓడిన కొరియా ఫైటర్ చాన్ సుంగ్ జుంగ్‌కు 2011 మార్చిలో ఆ అవకాశం దక్కింది. రెండో రౌండు ముగియడానికి ఒక్క సెకను ఉందనగా వెన్నును మెలిపెట్టే ట్విస్టర్ పట్టుతో గార్సియాను లొంగదీశాడు. యూఎఫ్‌సీలో ఆ పట్టుతో వచ్చిన మొదటి గెలుపు అది. డొమినిక్ రేయెస్‌కు ఆ వీలు కలగలేదు. 2020 ఫిబ్రవరి 8న హ్యూస్టన్‌లో జాన్ జోన్స్‌తో పోరులో మొదటి మూడు రౌండ్లు రేయెస్‌వేనని చాలామంది లెక్కగట్టారు. ఇద్దరు జడ్జిలు 48-47తో, ఒకరు 49-46తో జోన్స్‌కు ఇచ్చారు. జోన్స్ ఆ ఆగస్టులో లైట్ హెవీవెయిట్ టైటిల్ వదిలేశాడు. ఖాళీ టైటిల్ కోసం యాన్ బ్లహోవిచ్‌తో తలపడిన రేయెస్ రెండో రౌండులోనే ఓడిపోయాడు. అధికారిక రికార్డులో హ్యూస్టన్ పోరు ఈ రోజుకీ జోన్స్ ఏకగ్రీవ విజయమే.