మూడో రోజు పిల్లి

ఇంగ్లీషులో పౌండ్ అనే దానికి మనకు బందెలదొడ్డి అనే చక్కటి మాట ఉంది. పరాయి చేలో పడ్డ పశువును తోలుకొచ్చి అందులో కట్టేసేవారు. యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు చెల్లించి విడిపించుకోవాలి. దీని లెక్కలన్నీ 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో ఉన్నాయి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు ఠాణాకు కబురు పంపాలి. అక్కడ నోటీసు అంటించి, ఊళ్ళోనూ దగ్గరి సంతలోనూ టముకు వేయించాలి. ఆపైన ఇంకో ఏడు రోజులు ఆగి, అప్పుడే వేలం. దొరతనం వారికి పశువు మీద ప్రేమ ఉందని కాదు. ఎద్దుకు ధర ఉంది, అందుకని గడువూ ఉంది.

ఆ చట్టం చదివాక కాలిఫోర్నియా ప్రభుత్వ షెల్టర్ల చరిత్ర చేతికొచ్చింది. అక్కడ 1990ల చివరిదాకా వీధిలో పట్టుకొచ్చిన పిల్లికి చట్టం ఇచ్చిన గడువు 72 గంటలు. ఆ తరువాత దాన్ని మందిచ్చి చంపడానికి చట్టపరంగా అడ్డు లేదు.

అసలు ఈ ఏర్పాట్లలో పిల్లి ఎప్పుడూ వెనక వచ్చిన చుట్టమే. లండన్‌లో మేరీ టీల్బీ అనే ఆవిడ 1860లో దిక్కులేని కుక్కలకు ఆశ్రయం తెరిచింది. తరువాత బాటర్సీ పేరుతో ప్రసిద్ధమైంది అదే. పిల్లులకు అందులో చోటు దొరికింది 1883లో, అంటే 23 ఏళ్ళకు. మన దగ్గరా అంతే, 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల పేరులోనే 'కుక్కలు' అని ఉండేది. 2023 నాటి కొత్త నిబంధనల పేరులో ఆ మాట తీసేశారు.

కాలిఫోర్నియాలో మార్పు 1998లో వచ్చింది. బిల్లు ప్రవేశపెట్టినవాడు టామ్ హేడెన్, వియత్నాం యుద్ధ వ్యతిరేకోద్యమంలో పేరుపడ్డవాడు, అప్పటికి రాష్ట్ర సెనేటరు. ముసాయిదా వెనుక ఉన్నది టైమీ బ్రయంట్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు. 72 గంటల గడువు ఆరు పనిదినాలయింది. సాయంత్రం ఏడు దాకానో సెలవురోజునో తెరిచి ఉంచే షెల్టర్లకు మాత్రం నాలుగు. ఉద్యోగస్థుడు తన పిల్లిని వెతుక్కుంటూ రావడానికి వీలు కల్పించాలన్నమాట! చంపబోయే జంతువును సేవాసంస్థ అడిగితే ఇచ్చెయ్యాలనీ, జబ్బు చేస్తే వెంటనే వైద్యం చేయించాలనీ కూడా రాశారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ చట్టంలో పిల్లుల గురించి ఉన్న చిన్న భాగం. మనిషి పొడ గిట్టని పిల్లికీ, భయపడిపోయిన పెంపుడు పిల్లికీ తేడా కనిపెట్టడం అన్నిసార్లూ తేలిక కాదని శాసనంలోనే ఒప్పుకున్నారు. పిల్లిని ఎరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. నిన్నటిదాకా ఎవరి ఒళ్ళోనో నిద్రపోయిన పిల్లి ఇనుప బోనులో పడగానే మూలకు నక్కి, చెవులు వెనక్కి వాల్చి, చెయ్యి చాస్తే బుస కొడుతుంది. పక్కబోనులోని వీధిపిల్లి చేసేదీ అదే. మొదటి మూడు రోజుల్లో దాన్ని తీసుకుపోవడానికి ఎవరూ రాకపోతే, అనుభవమున్న సిబ్బంది ఒక పద్ధతి ప్రకారం పరీక్షించి తేల్చాలి. బెదిరిన సాధుపిల్లి అని తేలితే పూర్తి గడువు దక్కుతుంది. నిజంగా మచ్చిక కానిదైతే, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తామని సంస్థలేవైనా తీసుకుపోతే సరి, లేకపోతే చావే. ఈ రెండోమాట మింగడం కష్టం. పాత లెక్కలో ఆ తేడా అడిగే నిబంధనే లేదన్నది కూడా మరువరాదు.

శాస్త్రం కూడా అటే చూపింది. స్విట్జర్లాండులో కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు పిల్లుల వసతిగృహాల్లో గమనించి, 1997లో ఒత్తిడిని ఏడు మెట్లుగా కొలిచే పద్ధతి ప్రకటించారు. పిల్లి పడుకున్న తీరు, చెవులు, తోక, కళ్ళు చూసి వేసే లెక్క అది. 2014లో నెదర్లాండ్స్ షెల్టరు ఒకదానిలో కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో 10కి దాక్కోవడానికి ఒక పెట్టె ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. తేడా కొట్టొచ్చినట్టు కనబడింది మూడో రోజున, నాలుగో రోజున. పెట్టె దొరికిన పిల్లులు అప్పటికే తేరుకున్నాయి. పాత చట్టం సూదిమందుకు దారి విడిచిన రోజూ అదే.

ఇక రాజకీయం. 2004లో ఖర్చు తగ్గించుకోవడానికి గడువును మళ్ళీ 72 గంటలకు దించుదామని గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ప్రతిపాదించాడు. జనం మండిపడ్డారు. తెరమీద ఎవరికీ జంకని ఆ కథానాయకుడు వెంటనే ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. ఇది అందరికీ తెలిసిన విజయం. ఆ తరువాత జరిగింది తెలిసినవారు తక్కువ. రాష్ట్రం విధించిన పనికి అయ్యే ఖర్చు రాష్ట్రమే స్థానిక సంస్థలకు తిరిగి ఇవ్వాలి, లేదా ఆ విధింపును నిలిపివెయ్యాలి. మాంద్యం ముంచుకొచ్చిన 2009లో రాష్ట్రం రెండోదారి పట్టింది. ఈసారి రద్దనే మాటే రాలేదు, అందుకే వీధుల్లో కేకలూ లేవు. 2012లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ పూర్తిగా రద్దు చేద్దామంటే శాసనసభ ఒప్పుకోలేదు. నిలుపుదల మాత్రం అలాగే ఉండిపోయింది.

అక్షరాలు పుస్తకంలోనే ఉన్నాయి, పాటించమని గట్టిగా అడిగే డబ్బు లేదు. దాంతో పిల్లుల పక్షాన మాట్లాడేవాళ్ళు రాజధాని వదిలి కౌంటీ సమావేశాల గడప తొక్కాల్సి వచ్చింది. ఏ ఊరికా ఊరు అడగాలి, బోనులో పెట్టె ఉందా, మూడో రోజున ఎవరు చూస్తున్నారు, ఏ పద్ధతిన చూస్తున్నారు అని.