లెక్కల మేష్టారు లైబ్రేరియనైన వైనం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు కోరారు. డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేనొక ఉద్యోగి కథ రాయదలచాను. ఆయన తెలుగువాడు కాదు, తంజావూరు జిల్లా తమిళుడు. అయినా సొంత ఇల్లున్న మనవాళ్లందరం ఆయన పట్టుదల పుణ్యమా అని ఏటా కొంత సొమ్ము కడుతూనే ఉన్నాం. ఆ లెక్క తర్వాత చెబుతాను.

ఆయన పేరు శియాలి రామామృత రంగనాథన్. 1892 ఆగస్టులో శియాలి గ్రామంలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితంలో ఎం.ఎ. చేశారు. చిన్నప్పటి నుంచీ నత్తి ఉండేది. నత్తి ఉన్నవాడు నోటితో పనిలేని ఉద్యోగం వెతుక్కోవడం సహజం. ఈయన మాత్రం పాఠాలు చెప్పే కొలువులోనే చేరారు. 1917లో మంగుళూరు ప్రభుత్వ కాలేజీ, ఆ తర్వాత కోయంబత్తూరు, 1921 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. విద్యార్థులన్నా, లెక్కలన్నా ఆయనకు ప్రాణం.

1923లో మద్రాసు విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి లైబ్రేరియన్ పోస్టు మంజూరు చేసింది. దాదాపు 900 మంది దరఖాస్తు పెట్టుకున్నారు. వారిలో గ్రంథాలయ శిక్షణ పొందినవాడు ఒక్కడూ లేడు. పరిశోధన అనుభవం ఉండాలని షరతు ఉండటంతో, గణితంలో కొన్ని వ్యాసాలు రాసిన రంగనాథన్‌గారు వారి కంటికి ఆనారు. ఆయనకేమో దరఖాస్తు పెట్టిన సంగతే గుర్తులేదు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చాక ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో గ్రంథాలయాల గురించిన వ్యాసం ఒకటి చదువుకుని వెళ్లారు. ఉద్యోగం ఆయనకే వచ్చింది. 1924 జనవరిలో చేరేనాటికి వయస్సు 31.

ఇక్కడినుంచే అసలు కథ. నిండు క్లాసులో నిలబడి పాఠం చెప్పినవాడికి ఆ పుస్తకాల గదిలో పలకరించే దిక్కు లేకపోయింది. కొద్ది వారాలకే, ఇది నా వల్ల కాదు, నన్ను మళ్లీ పాఠాలకు పంపండి అని పై అధికారులను బతిమాలుకున్నారు. వారు ఒక ఏర్పాటు చేశారు. ముందు ఇంగ్లండు వెళ్లి ఈ విద్య ఏమిటో చూసి రావాలి. వచ్చాక కూడా మనసు కుదరకపోతే లెక్కల ఉద్యోగం ఆయనకే ఇస్తారు. మన సర్వీసు భాషలో చెప్పాలంటే పాత పోస్టు మీద లీన్ ఉంచి పంపినట్టు. ఆనాటి అధికారులలో ఎవరో మనసున్నవారు ఉన్నారని నేననుకుంటాను. కొత్తవాడు చేరిన నెలకే తిరిగి పోతానంటే మనవాళ్లు సంజాయిషీ అడిగేవారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో లైబ్రరీ విద్య నేర్పే స్కూలు ఉండేది. అక్కడ బెర్విక్ సేయర్స్ అనే ఆయన వర్గీకరణ పాఠం చెప్పేవారు. క్రోయిడన్ ఊరి గ్రంథాలయానికి ఆయనే అధికారి. ఆ గ్రంథాలయంలో రంగనాథన్‌గారు పని నేర్చుకున్నారు. అంతటితో ఆగక నూటికి పైగా గ్రంథాలయాలు తిరిగి చూశారు. కూలివాడూ, ఇల్లాలూ, చిన్న పిల్లవాడూ వచ్చి పుస్తకం పట్టుకుపోవడం చూశాక, లైబ్రేరియన్ అంటే బీరువాల కాపలాదారు కాదని ఆయనకు అర్థమైంది. పాఠం చెప్పే పని ఇక్కడా ఉంది. వినేవాళ్లు ఒక్కొక్కరుగా వస్తారు, అంతే తేడా.

అక్కడే సెల్ఫ్రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో మెకానో అనే ఆట సామాను ఆయన కంటపడింది. కొన్ని రేకు ముక్కలు, నట్లు, బోల్టులు. వాటినే ఒకలా బిగిస్తే వంతెన, మరోలా బిగిస్తే బండి. పుస్తకాల నంబర్లు కూడా ఇలా ఎందుకు బిగించకూడదు అని తోచింది. అదే కోలన్ వర్గీకరణకు మూలం. మనవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ఆర్.సి. నెం. 412/బి2/78 అని చూడగానే బి సెక్షన్, రెండో సీటు, 1978 సంవత్సరం అని మనం చెప్పేవాళ్లం కదా. ఆయనా అంతే. ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్స మీద భారతదేశంలో 1950 నాటి పరిశోధన గురించిన పుస్తకం ఉందనుకోండి. అవయవానికి ఒక గుర్తు, జబ్బుకు ఒకటి, చికిత్సకు ఒకటి, దేశానికి ఒకటి, కాలానికి ఒకటి వేసి, మధ్య మధ్య కోలన్ వంటి గుర్తులతో అతుకుతారు. అందులో 44 కనబడితే అది భారతదేశం. 1925లో ఓడ మీద తిరిగి వస్తూనే ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. పుస్తకంగా వచ్చింది 1933లో.

మద్రాసు చేరాక లెక్కల ఉద్యోగం ఊసెత్తలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం పెట్టించారు. 1929లో శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు సెలవన్నది లేకుండా పనిచేశారని చెబుతారు. 1929లో శారదగారిని పెళ్లాడిన రోజు కూడా మధ్యాహ్నానికి లైబ్రరీకి వచ్చేశారట. ఆ కొత్త పెళ్లికూతురు ఏమనుకున్నదో ఎవరూ రాయలేదు.

ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది అయిదు సూత్రాల వల్ల. పుస్తకాలు వాడుకోవడానికే ఉన్నాయన్నది మొదటిది. ఈ మాట ఆయనకు అందించింది కాలేజీలో లెక్కలు చెప్పిన గురువు రాస్‌గారు. చదివే ప్రతివారికీ తగిన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ చదివేవారు దొరకాలి, వచ్చినవారి కాలం వృథా కాకూడదు, గ్రంథాలయం పెరిగే ప్రాణి వంటిది అన్నవి తక్కినవి. 1931లో ఇవి పుస్తకంగా వచ్చాయి. ఇవి తెలియనివా అనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో శాఖా గ్రంథాలయంలో మంచి పుస్తకాలన్నీ తాళం వేసిన బీరువాలో ఉండేవి. అద్దంలోంచి అట్టలు చూసి రావాలి. అడిగితే, పోయిన పుస్తకం ఖరీదు నా జీతంలో పట్టుకుంటారు సార్ అనేవాడు ఆ ఉద్యోగి. అతని తప్పేమీ లేదు. రూలే మొదటి సూత్రానికి అడ్డం.

ఇక పన్ను లెక్క. గ్రంథాలయోద్యమంలో మన ఆంధ్రులు వెనకబడినవారు కారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అప్పటికి రంగనాథన్‌గారు ఇంకా విద్యార్థి. కాని మనవి చందాల మీద, దాతల మీద నడిచినవి. దాత పోతే దీపం ఆరిపోయేది. గ్రంథాలయానికి చట్టం ఉండాలి, స్థిరమైన రాబడి ఉండాలి అని రంగనాథన్‌గారు 1930లో కాశీలో జరిగిన ఆసియా విద్యా మహాసభలో నమూనా చట్టం ఒకటి పెట్టారు. 18 ఏళ్లకు ఫలించింది. 1948లో మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అదే మొదటిది. ఇంటిపన్ను రూపాయికి ఆరు పైలు, అంటే పాత లెక్కన అర్ధణా, గ్రంథాలయ సెస్సు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కనుక మనకూ అది వర్తించింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వేరే చట్టం చేశారు. 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి ఒకే చట్టం వచ్చింది. సెస్సు ఆ తర్వాత రూపాయికి ఎనిమిది నయాపైసలైంది.

అయితే ఇంతటి మనిషికీ ఉద్యోగం సుఖంగా ముగియలేదు. కొత్త వైస్ ఛాన్సలరుతో పొసగక 1945లో మద్రాసు కొలువు వదులుకున్నారు. కొంతకాలం మనసు కుంగిపోయింది. రిటైరైన మొదటి నెలల్లో మనలో చాలామందికి ఆ స్థితి తెలుసు. అప్పుడు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పిలిచారు. వెళ్లి, అక్కడి లక్ష పుస్తకాలకు పైగా తన చేతితోనే వర్గీకరించారు. యాభై దాటిన మనిషి, గుమాస్తా పని. ఆ తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయం, రెండేళ్లు జూరిచ్, 1962లో బెంగుళూరులో డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం. 1957లో పద్మశ్రీ ఇచ్చారు. తాను దాచుకున్న లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికే ఇచ్చి, భార్య పేరు కలిపి శారదా రంగనాథన్ ప్రొఫెసర్ పదవి పెట్టించారు. పొసగక వదిలివచ్చిన చోటుకే! నాకైతే ఆయన రాసిన పుస్తకాలన్నిటికంటే ఇదే పెద్దగా కనిపిస్తుంది. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో కన్నుమూశారు.

నేను ఒక పురపాలక సంఘంలో రెవెన్యూ సెక్షన్‌లో ఏళ్ల తరబడి ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు రాశాను. అందులో లైబ్రరీ సెస్సుకు వేరే గడి ఉండేది. వసూలు నిక్కచ్చిగా జరిగేది. జమ చేయడం దగ్గరే చిక్కు. జీతాలకూ, కరెంటు బిల్లుకూ ఆ సొమ్ము వాడేసేవారు. జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి ఒక ముసలి గుమాస్తా ప్రతి మార్చి నెలలో వచ్చి, సాయంత్రం దాకా బల్ల పక్కన కూర్చునేవాడు. బాకీలో ఏ నాలుగోవంతుకో చెక్కు రాస్తే పుచ్చుకుని బస్సెక్కేవాడు. ఆ ఏడాది అతని జిల్లాలో దినపత్రికల చందాలు ఆ చెక్కు మీదే ఆధారపడి ఉండేవి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతూనే ఉంది. ఈసారి పన్ను కట్టినప్పుడు ఆ పద్దు చూడండి. ఎంత జమ చేశారని మీ ఊరి లైబ్రేరియన్‌ను కూడా ఒకసారి అడగండి.