పద్యానికీ పద్యానికీ మధ్య

నెల్లూరు తీరపు పల్లెల్లో తోలుబొమ్మలాట ఎప్పుడు ఆడాలో వానే నిర్ణయించేది. ఈ ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనమే ప్రధానం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం పుడుతుందో తెలియని రోజుల్లో ఆరుబయట తెర కట్టి తెల్లవార్లూ దీపం నిలబెట్టడం అయ్యే పని కాదు. పెన్నా కాలువల కింద మొలగొలుకులు పండి, కోతలై, గింజ ఇంటికి చేరితేనే ఊరికి తీరిక, ఆటగాళ్ళకు కూలి. శివరాత్రి జాగారం ఆ తీరికకు మంచి సాకు. బొమ్మలాటకూ శివరాత్రికీ పొత్తు పాతదే. 13వ శతాబ్ది కవి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలంలో శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ బొమ్మలాటను కూడా చెప్పాడు. ఇంత వయసున్న కళను మనం ఇప్పుడు రెండు కోణాల్లోంచే చూస్తున్నాం. ఒకటి తోలు, దాని మీది రంగులు, చిల్లులు. రెండోది కథ, అంటే రామాయణ భారతాలు. ఈ రెండూ ఆటకు సరంజామా మాత్రమే. పద్యం ఆగాక మళ్ళీ పద్యం ఎత్తుకునే దాకా తెర వెనక అప్పటికప్పుడు పుట్టే మాట దగ్గరే బొమ్మలాటగాడి అసలు విద్య ఉందని, చరిత్ర రాసేటప్పుడు మనం వదిలేసింది కూడా దాన్నేనని నా వాదం.

ఆట జరిగే తీరు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. రెండు తెల్లటి బట్టల్ని ఈతముళ్ళతో కలిపి గుచ్చి తెర కడతారు. వెనక ఆముదం దీపాలు. ఆ తర్వాత పెట్రోమాక్సులు, కరెంటు బల్బులు వచ్చాయి. బృందమంటే సాధారణంగా ఒక కుటుంబమే. మగవాళ్ళు ఎక్కువ బొమ్మలు పడతారు, ఆడవాళ్ళు స్త్రీపాత్రలకు గొంతిచ్చి పాడతారు, పిల్లలు బొమ్మలు అందిస్తూ పని నేర్చుకుంటారు. హార్మోనియం, మృదంగం, తాళాలు ఉంటాయి. యుద్ధఘట్టం రాగానే కాళ్ళ కింద పరిచిన చెక్కపలకల మీద దబదబా తొక్కుతారు. పాడే భాగానికి ఆధారం చాలావరకు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలోని ద్విపద, భారతకథలకు పద్యాలు. ఇవి తండ్రి నుంచి కొడుక్కి నోటిమాటగా వచ్చినవి, పెద్దగా మారవు. వాటి మధ్య నడిచే వచనానికి మాత్రం రాతప్రతి లేదు. ఏ పాత్ర ఎంతసేపు మాట్లాడాలి, ఎవరు ఎవరికి అడ్డుపడాలి, ఎక్కడ కథ ఆపి ఊరి గోల ఎత్తుకోవాలి అనేవి ఆ రాత్రి ఆ జనాన్ని బట్టి తేలేవి. రెండు బొమ్మలు ఎదురుబొదురుగా నిలబడితే వాటిని పట్టుకున్న ఇద్దరు మనుషుల మధ్యే ఆ సంభాషణ పుట్టాలి. ఒకరు విసిరిన మాటను మరొకరు అందుకోకపోతే బొమ్మలు రెండూ మూగగా నిలబడిపోతాయి. ఇద్దరికీ కథ ఎటు పోతోందో తెలిసి ఉండాలి, కానీ తర్వాతి మాట ఏదో ముందే తెలిసి ఉండనవసరం లేదు.

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గా ఊహించవచ్చు. వేల పాదాలు కంఠస్థం చేసినవాళ్ళ విద్యను ధారణ అనాలి గానీ సమయస్ఫూర్తి అంటారేం? ఈ రెండూ ఒకదానికొకటి పోటీ అనుకోవడమే ఇక్కడ పొరపాటు. ఎనిమిది గంటల ఆటలో మాట దారితప్పడం ఖాయం. తప్పిన మాటను వెనక్కి తెచ్చి నిలబెట్టడానికి కదలని రాటలు కావాలి, ఆ పని పద్యం చేసింది. జనం నవ్వుల్లో మునిగి కథ మరిచిపోయే సమయానికి పెద్ద ఆటగాడు ఒక ద్విపద ఎత్తుకుంటే చాలు, వంతవాళ్ళు అందుకుంటారు, హనుమంతుడు లంకవైపు కదులుతాడు. పద్యం ఎంత గట్టిగా నోటికొస్తే వచనంలో అంత దూరం వెళ్ళి రాగలిగేవాళ్ళు. ఈ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మరాఠీ యాస ఒకటి మాట్లాడుకుంటారు. ఇంట్లో ఒక భాష, పద్యంలో గ్రాంథికపు తెలుగు, హాస్యగాడి నోట ఆ ఊరి వాడుక తెలుగు. మూడింటి మధ్య క్షణంలో అటూ ఇటూ మారగలిగిన నోటికి వల్లెవేత ఒక్కటే చాలదు కదా.

హాస్యగాడంటే ఒక్కడు కాదు. జుట్టుపోలిగాడు, వాడి పెళ్ళాం బంగారక్క, వాళ్ళ కాపురంలో వేలు పెట్టే కేతిగాడు, ఇంకా గాంధోళిగాడు. గణపతి, సరస్వతి ప్రార్థనలు కాగానే తెర మీదికి దూకేది వీళ్ళే. ఆపైన అశోకవనమైనా విరాటుడి కొలువైనా వీళ్ళకు అడ్డు లేదు. రాముడు త్రేతాయుగం వదిలి రాలేడు, పోలిగాడికి ఆ కట్టుబాటు లేదు. చెరువు నీటి తగాదా, పెద్దమనిషి పిసినారితనం, ఆట పెట్టించిన ఆసామి ఇంకా ఇవ్వని డబ్బు ఏదైనా మాట్లాడతాడు. దీనికి బొమ్మల తయారీలోనే ఆధారం ఉంది. రాజులూ దేవుళ్ళూ ఠీవిగా నిలబడేలా కోసిన బొమ్మలు. హాస్యగాళ్ళ బొమ్మలకూ నర్తకి బొమ్మలకూ ఎక్కువ కీళ్ళు పెట్టి, నడుమూ మెడా తిరిగేలా చేశారు. ముందుగా తెలియని మాటకు తగ్గట్టు ఒళ్ళు తిప్పాలంటే ఆ కీళ్ళు కావాలి. తోలు కోసే దశలోనే ఎవరు నిలబడాలి, ఎవరు ఆటను కదపాలి అన్నది తేల్చేశారన్నమాట. 1989లో వెలువడిన భారతీయ మౌఖిక ఇతిహాసాల వ్యాససంపుటిలో జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ ఆంధ్ర తోలుబొమ్మలాట గురించి రాస్తూ, పగ్గాలు హాస్యగాళ్ళ చేతిలో ఉన్నాయని శీర్షికలోనే చెప్పేశాడు. రాముడి కథకు పోలిగాడు పెత్తందారు కావడం మన భక్తికి కాస్త ఇబ్బందే. అయినా ఆట మాత్రం అలాగే నడిచింది.

ఇబ్బంది భక్తితోనే ఆగలేదు. ఈ హాస్యం చాలావరకు బూతు, అది తర్వాత్తర్వాత కూలి కోసం చేర్చిన చెత్త, దాన్ని తీసేస్తే శుద్ధమైన కళ మిగులుతుంది అన్నవాళ్ళు ఉన్నారు. బూతు ఉన్నమాట నిజం, దాన్ని వెనకేసుకు రావాల్సిన పని లేదు. కానీ అది పైనుంచి అతికించింది కాదనడానికి విరాటపర్వమే సాక్ష్యం. వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగునాట పాత ఆచారం. చెరువుల మీద బతికే మెట్టకు ఆ అవసరం మరీ ఎక్కువ. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని అందుకున్నదీ విరాటపర్వంతోనే కాబట్టి ఈ సీమకు ఆ కథతో ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. వాన కోసం మొక్కుగా ఆడించే ఆటలో, అంతకంటే గంభీరమైన సందర్భం మరొకటి లేనిచోట కూడా, నర్తనశాలలో కీచకుడికోసం కాచుకున్న భీముడి ఘట్టానికి ముందూ వెనకా పోలిగాడూ బంగారక్కా ఉంటారు. అక్కరలేని చెత్తే అయితే మొక్కుబడి ఆటలోనైనా వాళ్ళను పక్కన పెట్టేవారు.

మరో దక్షిణాది రాష్ట్రంతో పోలిస్తే విషయం మరింత తేటపడుతుంది. కేరళలో భద్రకాళి గుళ్ళ దగ్గర ఆడే తోలుపావకూత్తు కూడా తోలుబొమ్మలతో చెప్పే రామకథే, ఆధారం తమిళ కంబ రామాయణం. అక్కడ చాలాసార్లు తెర ముందు ప్రేక్షకుడే ఉండడు; ఆట అమ్మవారి కోసం. స్టూవర్ట్ బ్లాక్‌బర్న్ 1996 నాటి పుస్తకంలో చూపించినట్టు, అక్కడి ఆటగాళ్ళు పద్యానికీ పద్యానికీ మధ్య సుదీర్ఘమైన వ్యాఖ్యానాల్లోకి, తమలో తాము వాదోపవాదాల్లోకి వెళతారు. అంటే ఆ సందు అక్కడా ఖాళీగా లేదు. జనం లేనిచోట దాన్ని శాస్త్రచర్చ నింపింది, జనం కిటకిటలాడే నెల్లూరు పల్లెలో వెటకారం నింపింది. జావాలో వయాంగ్ అనే తోలుబొమ్మలాట నడిపే దలాంగ్ బొమ్మలన్నీ ఒక్కడే పట్టి, గొంతులన్నీ తనే పలికి, అర్ధరాత్రి దాటాక సెమార్ లాంటి విదూషకుల చేత ఊరి సంగతులు మాట్లాడిస్తాడు. ఆయన సమయస్ఫూర్తి ఒంటరిది. మన ఆటలో అది నలుగురు పంచుకునేది. ఈ తేడా చిన్నదేమీ కాదు, ఎందుకంటే పక్కవాడు ఏమంటాడో తెలియనప్పుడే అది నిజంగా ఆట అవుతుంది.

ఆట అనే మాటను ఇక్కడ కావాలనే గట్టిగా పట్టుకుంటున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మాట్లాడుకునే ఆటలు ప్రపంచమంతా పాకాయి. వాటిలో ఆటను నడిపే వ్యక్తి ఒకరుంటారు. చిన్న అట్ట అడ్డుపెట్టుకుని, వెనక పటాలూ పట్టికలూ పరుచుకుని, ఆటగాళ్ళు అనుకోని పని చేసినప్పుడల్లా కథను అక్కడికక్కడే సరిచేస్తూ పోతారు. ఎంత సరుకు సిద్ధం చేసుకోవాలి, ఎంత అప్పటికప్పుడు అల్లాలి అన్నది వాళ్ళలో తెగని చర్చ. తోలుబొమ్మల పెట్టె ఆ చర్చకు చాలాకాలం కిందటే జవాబిచ్చింది. పెట్టెలో ఒకే హనుమంతుడికి రెండు మూడు బొమ్మలుంటాయి, ఆడబొమ్మలు సందర్భాన్ని బట్టి వేరే పాత్రలకూ పనికొస్తాయి. ముందుగా దాచింది సంభాషణ కాదు, ఏ సంభాషణకైనా పనికొచ్చే ముక్కలు.

పోలిక ఇక్కడ కుంటుతుందని ఎవరైనా అనవచ్చు. బల్లమీది ఆటలో వీరుడు చచ్చిపోవచ్చు, రాజ్యం పోవచ్చు. బొమ్మలాటలో రావణుడు గెలిచే రాత్రి లేదు, చూసేవాళ్ళ చేతిలో పాచికలూ లేవు. ఒప్పుకోవలసిన మాటే. కానీ తీర్పు ముందే తేలిన కథలో ఊరివాళ్ళకు మిగిలిన స్వేచ్ఛ తక్కువేమీ కాదు. ఏ కథ ఆడాలో వాళ్ళే అడుగుతారు. నవ్వినచోట ఆట సాగుతుంది, కునుకు తీస్తే ఘట్టం తెగుతుంది, చదివింపులు ఇచ్చినవాడి పేరు బొమ్మ నోట పలుకుతుంది. ఇంద్రజిత్తు చావడం ఖాయమే, తెల్లవారేలోగా ఎప్పుడు చస్తాడన్నది మాత్రం ఊరు తేలుస్తుంది. అంతం తెలిసిన కథను రాత్రంతా మేలుకుని వినేలా నడపడం అంతం తెలియని కథను నడపడం కంటే కష్టమని నా అభిప్రాయం.

తెలుగువాళ్ళకు ఆశువంటే చులకన లేదు. అవధానంలో పృచ్ఛకులు అటూ ఇటూ లాగుతుంటే పద్యం నిలబెట్టినందుకు తిరుపతి వేంకట కవులు సంస్థానాల్లో సత్కారాలు పొందారు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనీ పోలిగాడి పనీ దాదాపు ఒకటే. ఏకాగ్రతను చెదరగొట్టి దాని బలం పరీక్షించడం. అయితే అవధానికి సభ ఉంది, అతని పద్యాన్ని రాసుకున్నవాళ్ళున్నారు. తెర వెనక మనిషి కనపడడు, అతను అన్నది వచనం, చాలాసార్లు అచ్చులో పెట్టలేని వచనం. అందుకే ఒకటి విద్య అయింది, మరొకటి కాలక్షేపం అయింది.

టూరింగ్ టాకీసులు ఊళ్ళ దాకా వచ్చాక ఈ కాలక్షేపానికి గిరాకీ పడిపోయింది. ఆటగాళ్ళు సినిమా పాటల్ని కూడా తెర మీదికి లాక్కుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు, అదీ సమయస్ఫూర్తే. తర్వాత వచ్చిన ఆదరణ వేరే రకం. కుటుంబ నియంత్రణ, ఆరోగ్యం వంటి ప్రభుత్వ ప్రచారాలకు గంటలోపు ఆటలు, నగరాల్లో ఉత్సవ వేదికలు. అక్కడ చెప్పాల్సిన మాట ముందే రాసి ఇస్తారు. తోలు మాత్రం బతికింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అనంతపురం వైపు నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నెల్లూరు జిల్లా డి.సి.పల్లిని కూడా ఈ కళకు కేంద్రాల్లో ఒకటిగా చెబుతారు. చేతిపని దీపాల తొడుగులుగా, గోడబొమ్మలుగా మారి కొన్ని కుటుంబాలకు కూడు పెడుతోంది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ భౌగోళిక గుర్తింపు కాపాడేది చర్మం మీది రేఖను, బంగారక్క నోటిని కాదు.

ఆ మాటల్ని వీడియోలో దాచవచ్చు కదా అంటారు. ఒక రాత్రి ఆటను ఒకసారి పట్టి దాస్తే, ఆ రాత్రి పుట్టిన మాటలే శాశ్వత పాఠమై కూర్చుంటాయి, తర్వాతి తరం వాటినే బట్టీ పడుతుంది. ఒకే బృందం ఒకే కీచకవధను అల్లూరులో ఒకలా, కోటలో ఒకలా ఆడినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏ మాట ఎందుకు మారిందో ఆడినవాళ్ళ చేతే చెప్పించాలి. అందుకు ఒకే కథను రెండు ఊళ్ళలో తెల్లవార్లూ ఆడగల బృందం ఉండాలి, ఆడించే ఊళ్ళు రెండు ఉండాలి.